పొలంలో దొరికిన సైనిక లారీ: పాఠకుల ప్రశ్నలు

రెండో ప్రపంచ యుద్ధం నాటి కెనడా సైనిక లారీల మీద వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. వీటిని కెనడియన్ మిలిటరీ ప్యాటర్న్ లారీలంటారు, పొట్టిగా సి.ఎం.పి. బ్రిటిష్ సైన్యం అడిగిన కొలతలకు ఫోర్డ్ వాళ్లు కెనడాలోని విండ్సర్‌లోనూ, జనరల్ మోటార్స్ వాళ్లు షెవర్లే పేరుతో ఆషవాలోనూ తయారుచేశారు. నాలుగు లక్షలకు పైగా రోడ్డెక్కాయి.

ప్రశ్న: పక్క రైతు పొలంలో చెట్ల మధ్య ఒక పాత లారీ పడి ఉంది. ముందు అద్దం తిరగేసి బిగించినట్టు ఉంది, కింది అంచు లోపలికి, పై అంచు ముందుకు. ఇది ఏ కంపెనీది, ఏ కాలంది? ఏ యూనిట్‌లో పనిచేసిందో తెలుస్తుందా? – ఆల్బర్టా నుంచి ఒక పాఠకుడు

జవాబు: అద్దం అలా వాలి ఉంటే అది 13వ నంబరు క్యాబ్, అంటే డ్రైవరు కూర్చునే గది. 1941 చివర్లో మొదలై యుద్ధం ముగిసేదాకా వచ్చింది. ఎండ అద్దం మీద తళుక్కుమంటే పైనుంచి విమానాలు పసిగడతాయని అలా వంచారు. అంతకు ముందు వచ్చిన 11, 12 నంబర్ల క్యాబ్‌లలో అద్దం నిటారుగా ఉండేది.

కంపెనీ తేల్చడానికి రేడియేటర్ ముందున్న జల్లెడ చూడండి. కన్నాలు డైమండ్ ఆకారంలో ఏటవాలుగా ఉంటే షెవర్లే, నిలువూ అడ్డంగా చదరంగా ఉంటే ఫోర్డ్. జల్లెడలు మార్చుకునేవాళ్లు కాబట్టి దీనొక్కదాన్నే నమ్మకండి. తర్వాత ముందు చక్రపు హబ్ (ఇరుసుకు బిగించే నడిమి భాగం) మధ్య నుంచి వెనక హబ్ మధ్యకు టేపు పెట్టి కొలవండి. సుమారు 101 అంగుళాలు వస్తే 15 హండ్రెడ్‌వెయిట్ బండి కావచ్చు, అంటే దాదాపు 760 కిలోల సరుకు మోసేది. 134 అయితే 30 హండ్రెడ్‌వెయిట్ గానీ పొట్టి మూడు టన్నులది గానీ, 158 అయితే పొడుగు మూడు టన్నులది. సి15ఎ అన్న పేరులో సి అంటే షెవర్లే, 15 మోత, ఎ అంటే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందేది. రెండు పక్కలా కొలవండి. తేడా వస్తే ఛాసిస్ వంగిందో, యాక్సిల్ జరిగిందో చూసుకోవాలి. రైతులు ఛాసిస్ కోసి పొడిగించడం కూడా ఉండేది, అతుకు వెల్డింగు వెతకండి.

యూనిట్ సంగతికి అసలు తాళంచెవి బానెట్ పక్కన రాసిన నంబరు. కెనడా సైన్యపు బండి అయితే చిన్న ట్రక్కులకు సి.జడ్., పెద్ద లారీలకు సి.ఎల్. అని మొదలవుతుంది. బ్రిటిష్ సైన్యంలో సి లేకుండా జడ్, ఎల్. ఆ నంబరు రైతు పూసిన రంగు కింద ఉండవచ్చు. 600 నంబరు వాటర్ పేపర్ నీళ్లలో తడిపి, రూపాయి బిళ్లంత మేర, బరువు వేయకుండా రుద్దండి. చెట్టు మొద్దులో వలయాల్లా ఒక్కో పొరా బయటపడుతుంది. పైన ట్రాక్టరు ఎరుపు, దాని కింద సైన్యం రంగు, అన్నిటికన్నా అడుగున ప్రైమర్. అక్షరపు అంచు తెల్లగా తొంగిచూసిందా, వెంటనే ఆపి, టార్చిలైటు ఏటవాలుగా పట్టి ఫోటో తీయండి. పొడిగా మాత్రం రుద్దవద్దు. ఆ రంగుల్లో సీసం ఉంటుంది. తడి గుడ్డతో తుడిచి, గుడ్డను సంచిలో కట్టి పారేయండి.

నంబరు దొరికితే లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడాలో ఆర్.జి. 24 అనే రక్షణ శాఖ దస్త్రాల్లోనూ, ఒట్టావాలోని కెనడియన్ వార్ మ్యూజియం పరిశోధన కేంద్రంలోనూ అడగండి. యూనిట్ల యుద్ధ దినచర్యల్లో బండి నంబర్లు అరుదు, కాబట్టి ఫోటోలే ఎక్కువ ఉపయోగపడతాయి. రైతు కుటుంబాన్నీ అడగండి. యుద్ధం తర్వాత మిగులు సామాను అమ్మింది వార్ అసెట్స్ కార్పొరేషన్ అనే కెనడా ప్రభుత్వ సంస్థ. ఆ అమ్మకపు రసీదు ఏ పెట్టె అడుగునో ఉండవచ్చు. ఆధారం దొరక్కపోతే బండి మీద డివిజన్ (సైన్యంలో వేల మంది ఉండే పెద్ద విభాగం) గుర్తు వేయకండి, ఎంత ముచ్చటగా ఉన్నా సరే. రెండో డివిజన్ నీలం, మూడో డివిజన్ బూడిద రంగు గుర్తులు మోసిన బండ్లు నిజంగా ఉన్నాయి. ఊహించి వేసిన రంగు వాటి చరిత్రను కలుషితం చేస్తుంది.

ప్రశ్న: లారీని ఇంటికి తెచ్చుకునే ముందు చక్రాలు విప్పి టైర్లు మార్చాలి. ఏమైనా జాగ్రత్తలున్నాయా? – సస్కటూన్ నుంచి

జవాబు: ఇది ప్రాణం మీదికి వచ్చే పని. వీటి రిమ్ములు రెండు సగాలు, బోల్టులతో కలిపి ఉంటాయి. హబ్‌కు దగ్గరున్న నట్ల వరుస చక్రాన్ని పట్టుకునేది. దానికి బయట, రిమ్ము వైపున్న వరుస రెండు సగాలను కలిపేది. గాలి ఉండగా బయటి వరుస విప్పితే సగం రిమ్ము ఫిరంగి గుండులా లేస్తుంది. 16 అంగుళాల వ్యాసం మీద చదరపు అంగుళానికి 40 పౌండ్ల గాలి అంటే 8,000 పౌండ్ల తోపు, మూడున్నర టన్నుల పైమాటే. బయటి నట్లకు ఎర్ర రంగు వేయడం సైన్యంలో ఆనవాయితీ, కానీ 80 ఏళ్ల తర్వాత ఆ రంగు ఉంటుందని అనుకోవద్దు.

వాల్వు లోపలి పిన్ను విప్పి గాలంతా వదలండి. తుప్పు రేణువు అడ్డుపడితే గాలి లోపలే నిలిచిపోతుంది, కాబట్టి సన్న తీగ దూర్చి చూడండి. ఆ తర్వాతే పానా పట్టుకోవాలి. బోల్టు రంధ్రాల చుట్టూ రేకు తినేసినట్టు గుంటలుంటే ఆ రిమ్ము పక్కన పెట్టండి. కొత్త టైరుకు గాలి ఇనుప బోనులో పెట్టే పట్టండి.

ప్రశ్న: షెవర్లే ఆరు సిలిండర్ల ఇంజను పట్టేసింది. ఎలా వదిలించాలి? – మానిటోబా నుంచి

జవాబు: ముందు బ్లాకు పక్కలు చూడండి. నీళ్లు తీయకుండా వదిలేస్తే ఒక్క చలికాలం చాలు, గడ్డకట్టి బ్లాకు పగులుతుంది. పగులుంటే మిగతా శ్రమ వృథా.

పగులు లేకపోతే ఆరు ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండర్లో 50 మిల్లీలీటర్ల ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిల్ (ఏ.టి.ఎఫ్.), అసిటోన్ సమపాళ్లలో కలిపి పోయండి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. వారం నాననివ్వండి, రెండ్రోజులకోసారి మళ్లీ పోయండి. ఈలోగా రాకర్ షాఫ్టు (వాల్వులను నొక్కే చేతులుండే కడ్డీ) బోల్టులు వదులు చేయండి. చాలాసార్లు పట్టేసేది పిస్టన్లు కాదు, వాల్వులు. బలవంతంగా తిప్పితే పుష్ రాడ్లు వంగిపోతాయి. తర్వాత ఫ్లైవీలు పళ్లకు కడ్డీ ఆనించి, వెంట్రుకవాసి ముందుకు, వెంట్రుకవాసి వెనక్కు ఊపండి. సెల్ఫ్ కొట్టడం, ఇంకో బండితో లాగించడం వద్దు.

తిరగడం మొదలయ్యాక ఆయిల్ సంపు, అంటే ఇంజను అడుగునున్న ఆయిల్ తొట్టి, విప్పాల్సిందే. ఈ 216 క్యూబిక్ అంగుళాల ఇంజన్లో కనెక్టింగ్ రాడ్ల కిందున్న గరిటెలు చిన్న తొట్లలో ఆయిల్‌ను ఎగజిమ్మి బేరింగులకు అందిస్తాయి. ఆ తొట్లలో మడ్డి పేరుకుంటే బాబిట్ అనే మెత్తని లోహపు బేరింగు కరిగి కొట్టుకుపోతుంది. ఆయిల్ గేజి 10–14 పౌండ్లు చూపిస్తే కంగారు పడకండి, ఈ ఇంజనుకు అంతే ఒత్తిడి. కొత్త కార్లతో పోల్చి పంపు మార్చినవాళ్లు డబ్బు దండగ చేసుకున్నట్టే. వాల్వు సందులు వేడి ఇంజన్ మీద ఇన్‌లెట్ 0.006, ఎగ్జాస్ట్ 0.013 అంగుళాలు. బ్యాటరీ 6 వోల్టులది. ఫోర్డ్ బండ్లలో ఎర్తు (బండి ఇనుప శరీరానికి కలిపే బ్యాటరీ కొస) పాజిటివ్, షెవర్లేలో నెగటివ్, తారుమారు చేయకండి.

ప్రశ్న: తుప్పుకు సాండ్ బ్లాస్టింగ్ చేయించవచ్చా? – టొరంటో నుంచి

జవాబు: ఛాసిస్‌కు చేయించండి. క్యాబ్ రేకుకు వద్దు, వేడికీ దెబ్బకూ అలలు తేలుతుంది. మీద ఉన్న రాతలన్నీ కూడా పోతాయి. బ్రాకెట్లు, కొక్కేల వంటి చిన్న సామాన్లకు ప్లాస్టిక్ తొట్టి చాలు. 20 లీటర్ల నీళ్లలో 5 టేబుల్ స్పూన్ల వాషింగ్ సోడా కరిగించి, 12 వోల్టుల చార్జరు నెగటివ్ వైరు సామానుకు, పాజిటివ్ వైరు మామూలు ఇనుప రేకుకు తగిలించండి. స్టెయిన్‌లెస్ స్టీలు పెడితే నీళ్లలో విషపూరితమైన క్రోమియం చేరుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే చేయండి. మర్నాటికి తుప్పు నల్లటి మసిగా మారి బ్రష్షుకు ఊడొస్తుంది. కడిగి ఆరబెట్టి, అదే రోజు ప్రైమర్ కొట్టండి.

ప్రశ్న: ఈ బండ్లు మన దేశానికి వచ్చాయా? – విశాఖపట్నం నుంచి

జవాబు: వచ్చాయి. ఇండియన్ ప్యాటర్న్ క్యారియర్ అనే కవచపు బండ్లను కెనడా ఫోర్డ్ నుంచి తెప్పించిన ఛాసిస్‌ల మీదే మన దేశంలో కట్టారు. వాటికి టాటానగర్ అని పేరు పడింది. స్టీరింగు కుడివైపే ఉండటం వల్ల మన రోడ్లకు వేరే మార్పు అక్కర్లేకపోయింది. మీ దగ్గర పాత ఇనుము దుకాణంలో అలాంటి ఛాసిస్ కనబడితే కోతకు పోకముందే చక్రాల మధ్య దూరం కొలిచి, నంబరు చెక్కిన చోటల్లా ఫోటో తీసి మాకు పంపండి.