నాన్నకు హంటింగ్టన్స్ జబ్బు... పెళ్లికి ముందే నేనూ టెస్ట్ చేయించుకోవాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 54 ఏళ్లు. కాళ్లూ చేతులూ వాటంతటవే కదులుతుంటే జన్యు పరీక్ష చేసి హంటింగ్టన్స్ (మెదడు కణాలు క్రమంగా దెబ్బతినే వంశపారంపర్య జబ్బు) అన్నారు. నా వయసు 26. సంబంధాలు చూస్తున్నారు. నాకూ వస్తుందేమో ఇప్పుడే తెలుసుకోవచ్చా? అన్నయ్య మాత్రం తనకు తెలుసుకోవాలని లేదంటున్నాడు.

జవాబు: తెలుసుకోవచ్చు. కానీ పెళ్లిచూపులు దగ్గరపడ్డాయని తొందరపడకండి. ఈ జబ్బును రాకుండా ఆపే మందు ఇంకా లేదు. ఒకసారి విన్న ఫలితాన్ని మళ్లీ మర్చిపోలేం.

మీకూ, మీ అన్నయ్యకూ విడివిడిగా 50 శాతం అవకాశం ఉంది. ఈ జబ్బుకు కారణమయ్యే హెచ్‌టీటీ జన్యువులో సీఏజీ అనే మూడక్షరాలు ఎన్నిసార్లు వరసగా వచ్చాయో పరీక్షలో లెక్కిస్తారు. ఆ లెక్క 26 వరకూ ఉంటే మామూలే. 27-35 ఉంటే సాధారణంగా మీకు రాదు, పిల్లల్లో ఆ సంఖ్య పెరగొచ్చు. 36-39 అయితే రావచ్చు, రాకపోవచ్చు. 40, ఆపైన ఉంటే ఎప్పటికైనా వస్తుంది. ఏ వయసులో అన్నది మాత్రం ఆ అంకె కచ్చితంగా చెప్పదు. చాలా జన్యువులను ఒకేసారి చూసే ‘ఎక్సోమ్’ ప్యాకేజీ చేయించి నార్మల్ వచ్చిందని నిశ్చింతగా ఉండకండి. ఈ సీఏజీ పునరావృతాలు అందులో సరిగా దొరకవు. దీనికి విడిగా టెస్ట్ ఉంది.

నాన్నగారి రిపోర్టుతో ముందు జెనెటిక్ కౌన్సెలర్‌ను (జన్యు జబ్బులపై సలహా ఇచ్చే నిపుణులను) కలవండి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. న్యూరాలజిస్టు పరీక్ష, కొన్ని వారాల వ్యవధి, ఆ తర్వాతే రక్తం. ఫలితం వాట్సాప్‌లో వద్దు, ఎదురుగా కూర్చుని వినాలి. తోడుగా నమ్మకమైన స్నేహితురాలిని తీసుకెళ్లండి, అన్నయ్యను కాదు. ఆయనకూ అదే భయం ఉంది కదా! రక్తం ఇచ్చాక కూడా ‘నాకు చెప్పొద్దు’ అనే హక్కు మీకుంది. నిద్ర పట్టకపోయినా, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా ముందు సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్లండి.

అత్తింటివారి కోసం టెస్ట్ చేయించుకోవద్దు. అయితే నాన్నగారి జబ్బు సంగతి చేసుకోబోయే అబ్బాయికి నిశ్చయానికి ముందే చెప్పడం న్యాయం. పిల్లల విషయానికొస్తే, ఐవీఎఫ్‌లో (శరీరం బయట ఫలదీకరణ చేసే పద్ధతిలో) పిండాలను పరీక్షించి జబ్బు లేనివాటినే ఎంచుకోవచ్చు. మీ ఫలితం మీకు చెప్పకుండానే ఇది చేసే పద్ధతులూ ఉన్నాయి.

మీ ఫలితాన్ని బట్టి అన్నయ్యది తెలియదు. అయినా మీకు లేదని తేలిన రోజు ఇంట్లో పాయసం వండితే, ‘అయితే నాకేనేమో’ అని ఆయన కుమిలిపోతాడు. ఫలితం ఎవరెవరికి చెప్పాలో రక్తం ఇవ్వకముందే నిర్ణయించుకోండి.