పవర్ సరిగ్గానే ఉంది, మరి తూలడమెందుకు?

ప్రశ్న: ఇంటర్ పూర్తయ్యాక మా పట్టణంలోని కళ్లద్దాల దుకాణంలో సహాయకురాలిగా చేరాను. ప్రోగ్రెసివ్ అద్దాలు (పై భాగంలో దూరపు చూపుకు, కింది భాగంలో చదవడానికి పవర్ ఉండేవి) చేయించుకున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు మెట్లు దిగుతుంటే తూలుతున్నట్టుందనీ, పుస్తకం చదవాలంటే గడ్డం పైకెత్తాల్సి వస్తోందనీ మళ్లీ మళ్లీ వస్తున్నారు. అద్దాల పవర్ కొలిచే లెన్సోమీటర్‌లో చూస్తే పవర్ డాక్టరు చీటీలో ఉన్నట్టే ఉంది. ‘అలవాటవుతుందని చెప్పి పంపించు’ అంటారు యజమాని. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అలా పంపించకండమ్మా. ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్నదాన్ని, గట్టిగానే చెబుతున్నాను. ఆయన చెప్పినవి రెండు వేర్వేరు ఇబ్బందులు.

గడ్డం పైకెత్తుతున్నారంటే చదివే భాగం ఆయన కంటికి అందనంత కిందికి ఉందన్నమాట. ముందు ఫ్రేమ్ జారిందేమో చూడండి. నోస్ ప్యాడ్లను కాస్త దగ్గరకు నొక్కితే ఫ్రేమ్ పైకి లేస్తుంది. ఒక్కోసారి అంతటితో సరిపోతుంది. అయినా తగ్గకపోతే అద్దాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. ఒక్కో అద్దంలో 34 మి.మీ. దూరంలో రెండు సన్నని చెక్కుడు గుర్తులు కనిపిస్తాయి. వాటిని కంపెనీ ఇచ్చిన చార్టు మీద సరిపెట్టి, కంటిపాప ఎదుట ఉండాల్సిన చోటును మార్కరుతో గుర్తించండి. మాస్టారికి పెట్టి చూడండి. గుర్తు కంటిపాపకు కింద కనిపిస్తే కొలతే తప్పింది. దాన్ని యజమానికి కళ్లారా చూపించి, అద్దాలు దుకాణం ఖర్చుతోనే మార్పించమని అడగండి.

లెన్సోమీటర్ పవర్ చెబుతుంది కానీ ఆ పవర్ కంటికి ఎదురుగా కూర్చుందో లేదో చెప్పదు. మామూలు అద్దాలైనా అంతే. మైనస్ 6 పవర్ అద్దం కేంద్రం 5 మి.మీ. పక్కకు పోతే కంటి మీద 3 ప్రిజమ్‌ల లాగుడు పడుతుంది (అద్దం వెలుతురును పక్కకు ఎంత వంచుతుందో చెప్పే కొలత ప్రిజమ్). ఇక తలనొప్పి రాకేం చేస్తుంది!

అందుకే కొలత తీసుకునేటప్పుడు తొందరపడకండి. ముందు ఫ్రేమ్‌ను ముఖానికి సరిచేయండి, ఆ తర్వాతే కొలవండి. కళ్లు సమాన ఎత్తులో ఉండేలా ఎదురుగా కూర్చోండి. మీ కుడికన్ను మూసి, మీ ఎడమకంటిని చూడమని ఆయనకు చెప్పి, ఆయన కుడి కంటిపాప ఎదుట డమ్మీ అద్దం (కొత్త ఫ్రేమ్‌తో వచ్చే పవర్ లేని అద్దం) మీద చుక్క పెట్టండి. తర్వాత రెండో కంటికి, మీ కళ్లు మార్చి. ముక్కు మధ్య నుంచి రెండు కళ్లూ సమాన దూరంలో ఉండాలని లేదు కాబట్టి ఏ కంటికి ఆ కన్ను విడిగా కొలవాలి.

మెట్ల సంగతి వేరు. ఎంత బాగా అమర్చినా, చూపు మాత్రమే దించితే మెట్టు చదివే భాగంలోంచి మసగ్గా కనిపిస్తుంది. తల వంచి పై భాగంలోంచి చూడాలి, పక్కకు చూడాలంటే తల తిప్పాలి. ఇది అద్దాలు చేతికిచ్చే రోజే చెప్పి, దుకాణంలోనే నాలుగడుగులు నడిపించాల్సిన విషయం. మాస్టారు ఇంట్లో రోజూ మెట్లెక్కి దిగేవారైతే, దూరపు చూపుకు విడిగా ఒక జత ఉంచుకోమని నేనైతే చెబుతాను.

మరొక్క మాట. కళ్లముందు హఠాత్తుగా మెరుపులు, నల్లచుక్కలు వస్తున్నాయని గానీ, తెర దిగినట్టుందని గానీ ఆయన అంటే ఫ్రేమ్ ముట్టుకోకండి. ఆ రోజే కంటి డాక్టరు దగ్గరకు పంపండి.