తెర మీద కాశీ, పక్కనే సూర్యలంక: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అత్తయ్యగారికి 78 ఏళ్లు. మోకాళ్ల నొప్పులతో కాశీ ప్రయాణం ఆగిపోయింది. పోనీ టీవీలోనైనా చూస్తారని ఘాట్ల వెంట నడిచే వీడియోలు పెడితే, ఐదు నిమిషాలకే కళ్లు తిరుగుతున్నాయి, ఆపెయ్యమ్మా అంటున్నారు. మాది 43 అంగుళాల టీవీ. ఆవిడ కుర్చీ దగ్గరగా లాక్కుని చూస్తారు. (ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: ముందు ఆ కుర్చీ వెనక్కి జరపండి. కళ్లేమో నడుస్తున్నామంటాయి, చెవి లోపల తూకం చూసుకునే భాగమేమో కూర్చునే ఉన్నామంటుంది. ఈ రెండూ పొసగకే వికారం. చూపులో తెర ఎంత ఎక్కువ చోటు ఆక్రమిస్తే పేచీ అంత ముదురుతుంది. 43 అంగుళాల తెరకు ఏడెనిమిది అడుగుల దూరం పెట్టండి. గదిలో ఒక లైటు వెలుగుతూ ఉండాలి. టీవీ చుట్టూ గోడ, పక్కన బీరువా, ఏదో ఒక కదలని వస్తువు కంటికి ఆనుతుంటే తల నిలబడుతుంది. పిల్లలు సినిమా హాల్లా ఉంటుందని లైట్లన్నీ ఆర్పేస్తారు. పెద్దవాళ్లకు అది పనికిరాదు.

వీడియో ఎంపికలో అసలు కిటుకు ఉంది. చేత్తో ఫోను పట్టుకుని నడుస్తూ తీసినవి అడుగడుక్కీ ఊగుతాయి. డ్రోన్ దృశ్యాలు ఊగవు గానీ ఉన్నట్టుండి కిందికి దూకుతాయి, గుండ్రంగా తిరుగుతాయి, కొందరికి అవే ఎక్కువ ఇబ్బంది. కెమెరా కదలకుండా ఒకచోట పెట్టి తీసినవి, పడవ ముందు భాగం నుంచి తీసినవి, రైలింజన్ డ్రైవరు అద్దంలోంచి తీసినవి వెతకండి. రైలు పక్క కిటికీలోంచి తీసినవి వద్దు. దగ్గరి స్తంభాలు, చెట్లు దూసుకుపోతుంటే వాటిని పట్టుకోబోయి కళ్లు అదేపనిగా అటూ ఇటూ కొట్టుకుంటాయి. ముందు నుంచి తీసినదైతే దూరాన ఒక బిందువు స్థిరంగా కనిపిస్తూనే ఉంటుంది.

ఇలా తాపీగా చూపించడాన్ని ఒక పద్ధతిగా మార్చింది నార్వే ప్రజా ప్రసార సంస్థ ఎన్‌ఆర్‌కే. 2009లో బెర్గెన్ నుంచి ఓస్లో దాకా రైలు ప్రయాణాన్ని ఏడు గంటలకు పైగా కోతల్లేకుండా వేసింది. సొరంగాల్లో చీకటి పడినప్పుడల్లా ఆ రైలు మార్గానికి సంబంధించిన పాత దృశ్యాలు చూపించింది. 2011లో తీరం వెంట వెళ్లే ఓడను 134 గంటల పాటు ప్రత్యక్ష ప్రసారం చేసింది. ఆ ధోరణిలో తీసినవి ఇప్పుడు యూట్యూబ్‌లో బోలెడు. మీ అత్తయ్యగారికి మొదట పడవ వీడియో పది నిమిషాలు పెట్టండి. బాగుంటే మర్నాడు ఇరవై. వికారం మొదలయ్యాక ఓర్చుకుని చూడమనకండి. ఒకసారి పట్టుకుంటే టీవీ ఆపినా అది వెంటనే వదలదు.

టీవీలో పిక్చర్ మోడ్ ‘వివిడ్’లో ఉంటే ‘సినిమా’కు మార్చండి. కదలికను నున్నగా చేసే సదుపాయం ఒకటి ఉంటుంది: ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ. అది లేని బొమ్మల్ని మధ్యలో సృష్టించి ఇరికిస్తుంది. ఊగే వీడియోల్లో మనుషుల అంచులు కరిగినట్టు కనిపించేది దీనివల్లే. పూర్తిగా ఆపి చూడండి. దృశ్యం పక్కకు తిరిగినప్పుడు మరీ కుదుపుగా అనిపిస్తే అన్నిటికన్నా తక్కువ స్థాయిలో పెట్టండి.

ఇక కాశీ. ముక్కలు ముక్కలుగా చూస్తే ఏ ఘాట్ ఎక్కడుందో తెలియదు. ఒక వరస పెట్టుకోండి. కాశీ దగ్గర గంగ ఉత్తరానికి పారుతుంది, ఘాట్లన్నీ పడమటి ఒడ్డున తూర్పుకు తిరిగి ఉంటాయి. దక్షిణాన అస్సీ దగ్గర మొదలుపెట్టి హరిశ్చంద్ర, కేదార్, దశాశ్వమేధ, మణికర్ణిక, పంచగంగ మీదుగా రాజ్ ఘాట్ దాకా. రోజుకు ఒకటో రెండో చాలు. పటం ఒకటి పెద్ద కాగితం మీద గీసి టీవీ పక్కన అంటిస్తే, ఈ రోజు ఎందాకా వచ్చామో ఆవిడే గుర్తు పెట్టుకుంటారు. తెల్లవారుజామున తీసిన వీడియోలే చూడండి. సూర్యుడు అవతలి ఒడ్డున లేచి వెలుగు నేరుగా మెట్ల మీద పడుతుంది. మధ్యాహ్నం తీసినవి వెలవెలబోతాయి. నేపథ్య సంగీతం ఉన్నవాటిని పక్కన పెట్టండి. గంటలు, పడవవాళ్ల కేకలు, బట్టలు ఉతికే చప్పుడు లేని కాశీ సగం కాశీయే.

టీవీ చూడనప్పుడు, మంచం మీద పక్కకు తిరిగినప్పుడు కూడా కళ్లు తిరుగుతుంటే అది టీవీ సమస్య కాదు. చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: ‘4కె’ అని రాసి ఉన్న ప్రయాణ వీడియోలు మా ఇంట్లో మసకగా వస్తున్నాయి. పైగా ఫోన్ హాట్‌స్పాట్ పెడితే రోజు డేటా అరగంటలో అయిపోతోంది. (ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ)

జవాబు: మామూలు హెచ్‌డీ గంటకు సుమారు 3 జీబీ లాగుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ అరగంటలో అయిపోవడం లెక్క ప్రకారమే జరుగుతోంది. 4కె అయితే గంటకు 7 జీబీ దాకా. వేగం చాలకపోతే యాప్ తనంతట తానే నాణ్యత తగ్గిస్తుంది, మీ మసక అదే. హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కెకి 15 నుంచి 20 నిలకడగా రావాలి.

మీ టీవీ కూడా 43 అంగుళాలదై, ఆరడుగులకు మించి దూరంగా కూర్చుంటే 1080కీ (ఫుల్ హెచ్‌డీ) 4కెకీ తేడా కంటికి ఆనదు. వీడియో నాణ్యతను 1080 దగ్గర కట్టేసి హాయిగా చూడండి. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉండి కూడా ఆగుతుంటే, రౌటర్‌లోని రెండు వైఫైల్లో 5 గిగాహెర్ట్జ్ పేరున్నదానికి టీవీని కలపండి. మధ్యలో రెండు గోడలుంటే అది అందదు, లాన్ కేబుల్ లాగించుకోవడమే.

ప్రశ్న: ఇద్దరమూ రిటైరయ్యాం. మూడు రోజులు సముద్రం పక్కన గోల లేకుండా గడపాలని ఉంది. విజయవాడ నుంచి దూరం వెళ్లలేం. సూర్యలంకా, మంగినపూడా? (ఒక దంపతులు, పటమట)

జవాబు: చోటు కన్నా వేళ ముఖ్యం. కార్తీక మాసం ఆదివారాల్లో రెండు చోట్లా ఇసుక వేస్తే రాలదు. మంగళవారం వెళ్లి శుక్రవారం పొద్దున్నే తిరిగొస్తే అదే తీరం మీ సొంతమైనట్టుంటుంది. నెలల్లో సంక్రాంతి దాటాక ఫిబ్రవరి చివరిదాకా మేలు. అక్టోబరు నుంచి డిసెంబరు తొలి వారాల దాకా ఈ తీరం తుపాన్లది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. గది బుక్ చేసినా, బయల్దేరే ముందు రోజు వాతావరణ శాఖ అల్పపీడనం మాట, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే పెద్ద అలల హెచ్చరిక రెండూ చూసుకోండి. వాన లేకుండానే దూరాన పుట్టిన అలలు వచ్చి ఒడ్డును ముంచే రోజులుంటాయి.

మంగినపూడి మచిలీపట్నానికి 11 కిలోమీటర్లు. అడుగున నల్లటి ఒండ్రు, చాలా దూరం లోతు ఉండదు, నీళ్లు మట్టి రంగు. కాళ్లు దిగబడతాయి. మోకాళ్లు బాగాలేనివారికి సూర్యలంకే నయం. బాపట్ల నుంచి 9 కిలోమీటర్లు, బాపట్ల చెన్నై రైలు మార్గంలోనే ఉంది కాబట్టి కారు అక్కర్లేదు, స్టేషన్ నుంచి ఆటో చాలు. ఇసుక శుభ్రంగా, వెడల్పుగా ఉంటుంది. అక్కడ వైమానిక దళ కేంద్రం ఉంది. ఆయుధ పరీక్షలప్పుడు తీరం వైపు రానివ్వకపోవచ్చు. గదివాళ్లను ముందే అడగండి. చీరాల పక్కన వాడరేవులో పడవల సందడి ఉంటుంది. తెల్లవారుజామున ఇంజన్ల చప్పుడు ఇష్టమైతే అక్కడికి, లేకపోతే వద్దు. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి ఒక పూట చూసి, చీకటి పడకముందే అవనిగడ్డ వచ్చేయడానికి బాగుంటుంది.

ఫోన్లో గది మాట్లాడేటప్పుడు సముద్రం కనిపిస్తుందా అని ఒక్కటే అడిగి ఊరుకుంటారు చాలామంది. ఆ తేదీల్లో ఫంక్షన్లు, డీజే ఉన్నాయా? జనరేటర్ ఫ్యానుకు మాత్రమేనా, ఏసీకి కూడానా? బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ ఉందా? గది నుంచి తడి ఇసుక దాకా ఎన్ని అడుగులు? పొడి ఇసుకలో యాభై మీటర్లు నడిస్తే రోడ్డు మీద దానికి రెట్టింపు నడిచినంత అలసట.

నడకకు పాటు వేళ చూసుకోండి. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే తడి ఇసుక గట్టిగా, చదునుగా ఉంటుంది. పోటు మీద మిగిలేది ఏటవాలు, మెత్తటి ఇసుకే. పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, అంటే రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. మొదటి రోజు పొద్దున ఒకసారి గడియారం చూసుకుంటే మిగతా రెండు రోజులూ మీరే చెప్పగలరు. ఒడ్డు వాలుగా ఉంటుంది కాబట్టి ఎంత దూరం వెళ్లారో అంతే దూరం అదే గీత మీద వెనక్కి రండి, ఒక మోకాలి మీదే భారం పడకుండా ఉంటుంది. ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు ఇసుకలో దిగబడి వెనక్కి విరుచుకుపడతాయి. కింద ఒక చెక్క పలక వేసుకోండి.

ఇక్కడ సూర్యాస్తమయం సముద్రంలో జరగదు. తూర్పు తీరం కదా, పొద్దు మన వెనక కొబ్బరి, సరుగుడు తోటల్లో కుంకుతుంది. ఆ ఫొటో కోసం వచ్చి నిరాశపడేవాళ్లు ఇంకా ఉన్నారు! జనవరిలో సూర్యోదయం ఆరున్నర దాటాకే, కంగారుపడి నాలుగింటికి లేవక్కర్లేదు. చందమామ కావాలనుకుంటే పౌర్ణమి నాడు కాకుండా మర్నాడు చూడండి. పౌర్ణమికి చంద్రుడు ఇంకా వెలుతురు ఉండగానే లేస్తాడు, మర్నాడు చీకటి పడ్డాక ఎర్రగా నీళ్లలోంచి పైకి వస్తాడు. పుష్య మాసంలో ఇది కుదురుతుంది. కార్తీక, మాఘ పౌర్ణములకు మాత్రం సముద్ర స్నానాల జనం. జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. రాత్రి టార్చి వేసి ఇసుక మీద తిరిగితే బెదిరి వెనక్కి పోతాయి.

ప్రశ్న: మనవలతో సూర్యలంక వెళ్తున్నాం. మోకాలి లోతు దాకా దింపితే ఫర్వాలేదా? (ఒక తాతగారు, తెనాలి)

జవాబు: మోకాలి లోతు అనేది అల వచ్చాక కొలవాలి, వెళ్లాక కాదు. ఇసుక తిన్నె దాటగానే గుంత ఉంటుంది, రెండడుగుల్లో నడుము లోతవుతుంది. ఇంకో ప్రమాదం ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహం. అటూ ఇటూ అలలు విరుగుతూ మధ్యలో ఒక పాయ మాత్రం నురగ లేకుండా, నల్లగానో మట్టిగానో ప్రశాంతంగా కనిపిస్తుంది. ఒడ్డుకు వచ్చిన నీళ్లన్నీ వెనక్కి పోయే దారి అదే. అలలు లేవు కదా అని జనం సరిగ్గా అక్కడే దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకూడదు, మంచి ఈతగాళ్లు కూడా అలా ఎదురీది అలసిపోయే మునిగిపోతారు. తేలుతూ ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటికి వచ్చాక బయటికి రావాలి. ఒడ్డునున్నవాళ్లు వెంట దూకొద్దు. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్ గానీ ట్యూబు గానీ విసిరి, 112కు ఫోన్ చేయండి.

పిల్లవాడికొక పెద్ద మనిషి, చెయ్యి అందే దూరంలో. మందు తాగినవాళ్లను లెక్కలోకి తీసుకోకండి. జెల్లీచేప కుడితే ఇసుకతో రుద్దొద్దు, మంచినీళ్లు పోయొద్దు. సముద్రపు నీటితోనే కడిగి, అంటుకున్న పోగులు తీసి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచాలి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి.

ప్రశ్న: వేసవి సెలవుల్లో వెళ్తే తాజా చేపలు దొరుకుతాయా? (ఒక పాఠకురాలు, మంగళగిరి)

జవాబు: తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రోజుల్లో ‘ఇప్పుడే పట్టిన వంజరం’ అంటే నమ్మకండి, ఐసులోది అయ్యే అవకాశమే ఎక్కువ. మొప్పలు ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. కన్ను ఉబ్బి మెరవాలి. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. చెరువు రొయ్యలకు ఈ నిషేధంతో పని లేదు, మే నెలలో భోజనానికి అవే అడగండి.