మాల్టు జావ: అదే పిండి, అదే కొలత, తేడా ఎక్కడ?

ప్రశ్న: మేడమ్, రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, మరలో ఆడించి మాల్టు పిండి చేసుకుంటాను. మా ఇద్దరికీ కాస్తే జావ గరిటెకు అంటుకునేంత చిక్కగా వస్తుంది. మొన్న చుట్టాలొస్తే పిండీ నీళ్లూ ఐదింతలు చేసి పెద్ద దబరలో కాచాను. నీళ్లలా అయింది, పైగా తియ్యగా! 'బీరు కాచేవాళ్లకూ ఇదే తంటా అమ్మా' అని మా అబ్బాయి నవ్వుతాడు. ఎందుకిలా?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: మీవాడు నవ్వినా నిజమే చెప్పాడు. గింజ మొలకెత్తినప్పుడు పిండిని చక్కెరలుగా విడగొట్టే ఎంజైములు పుడతాయి. జావ 60-70 డిగ్రీల మధ్య ఉన్నంతసేపూ అవి జోరుగా పనిచేస్తాయి, మరిగేలోపే చచ్చిపోతాయి. చిన్న గిన్నె ఆ వేడిని చిటికెలో దాటేస్తుంది. పెద్ద దబర అదే మంట మీద నింపాదిగా కాగుతుంది కాబట్టి వాటికి బోలెడు టైము దొరికింది. కొలత తప్పలేదు, టెన్షన్ పడకండి.

బీరు కాచేవాళ్లు కిలో బార్లీ మాల్టుకు రెండున్నర, మూడు లీటర్ల వేడినీళ్లు కలిపి, 65 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచేది ఇందుకే. 63కి దిగితే పులిసే చక్కెరలు పెరిగి బీరు పలచన, 69కి ఎక్కితే నోటికి చిక్కన. వేడి దిగితే సర్దడానికి మరిగే నీళ్లు కాసిని పోస్తారు. ఆ గోల మనకెందుకు గానీ, కిటుకు మాత్రం మనకూ పనికొస్తుంది.

చిక్కగా కావాలంటే చల్లనీళ్లలో కలిపిన పిండిని మరిగే నీళ్లలో పోసి తిప్పండి. పలచగా కావాలంటే చల్లనీళ్ల నుంచే సన్నసెగ మీద పెట్టండి. ఆవిరి లేస్తూ, బుడగలు ఇంకా రాని దశలో పది నిమిషాలు ఉంచి, తర్వాత బాగా మరిగించండి. అప్పటికే ముద్దయిపోయిన జావలో నీళ్లు గుమ్మరించకండి, రుచి చస్తుంది. దించి, పొగలు తగ్గాక, అర చెంచా మాల్టు పిండి కొంచెం నీళ్లలో కలిపి పోయండి. తిప్పుతుండగానే గరిటె తేలికైపోవడం చేతికి తెలుస్తుంది! మళ్లీ ఒక పొంగు రానివ్వాలి.

మొలకలను ఎర్రగా వేయిస్తే ఎంజైములు చాలావరకు పోతాయి. కమ్మటి వాసన కోసం తిరుపతిలో మా ఇంట్లో వేయించిందొక డబ్బా, వేయించనిదొక డబ్బా. సంగటికి మాత్రం ఈ రెండూ వద్దు, మామూలు రాగిపిండే వాడండి. మాల్టు పిండితో ముద్ద నిలవక పళ్లెంలో జారిపోతుంది.