వరండా గోడ మీద వాలిన పెద్ద చిమ్మటకు ఏం పెట్టాలి?

చెన్నూరు దగ్గర మీ ఇంటి వరండా గోడ మీద అరచేతికన్నా పెద్ద చిమ్మట వాలిందని, రెక్కల మీద కళ్లున్నాయని, నిన్నటి నుంచి ఏమీ తినలేదని, ఏం పెట్టాలని అడిగారు. ఏమీ పెట్టకండి. దానికి తినే నోరు లేదు. చక్కెర నీళ్లు, తేనె, పండు ముక్క, అన్నీ వృథా. పురుగుగా ఉన్నప్పుడు తిన్న ఆకు బలంతోనే వారం పది రోజులు బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి పోతుంది.

అది దసలి పట్టు చిమ్మటే. ఆ గోదావరి, ప్రాణహిత పక్క అడవుల్లో ఉండేదే. ఈమధ్య రెక్కల మీద మచ్చ కనపడితే చాలు, ఫోన్ చూసి "అట్లాస్" అనేస్తున్నారు, అది వేరే పెద్ద చిమ్మట. అలా అనడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అట్లాస్‌కు రెక్కలో అద్దం లాంటి భాగం త్రికోణంగా ఉంటుంది. దసలికి నాలుగు రెక్కల మీదా ఒక్కో గుండ్రటి కన్ను, దాని మధ్యలో వెలుతురు దాటే పల్చటి పొర. ఆడది పసుపో బూడిద రంగో, పొట్ట బరువుగా ఉంటుంది. మగది ఇటుక రంగు, మీసాలు ఈకల్లా వెడల్పు.

మా మేనమామది మహదేవపూర్ వైపు. ఆయన దసలి కాయలు, అంటే ఆ పురుగు కట్టుకునే పట్టుగూళ్లు, పండించేవాడు. ఎండాకాలమంతా కాయలను దండలుగా గుచ్చి నీడలో వేలాడదీస్తే లోపల పురుగు నిద్రలో ఉండేది. తొలకరి పడ్డాక ఒక సాయంత్రం ఒక కాయ కొస తడిసింది. చెక్కలా గట్టిగా ఉండే ఆ కాయను చిమ్మట తన నోటి దగ్గర ఊరే రసంతో మెత్తబరిచి, తల దూర్చి, కాళ్లతో పాకుతూ బయటికి వచ్చింది. రెక్కలు ముడుచుకుపోయి తడి గుడ్డ పేలికల్లా ఉన్నాయి. నేను దగ్గరికి వెళ్లబోతే మామయ్య, "బిడ్డా, ముట్టకు, లైట్ బంద్ చెయ్" అన్నాడు. అది కాయనే పట్టుకుని వేలాడింది. నెమ్మదిగా రెక్కలు కిందికి సాగి ఆరాయి. ఆడది. రాత్రి చాలాసేపయ్యాక కిటికీ జాలీకి టపటపమని ఏవో కొట్టుకున్నాయి. ఆడదాని వాసన పట్టి అడవిలోంచి వచ్చిన మగవి! మేం ఎవరమూ నిద్రపోలేదు.

జతకట్టిన ఆడది వందల్లో గుడ్లు పెడుతుంది. వారం పది రోజుల్లో పురుగులు వచ్చి ముందు గుడ్డు పెంకునే తింటాయి. తర్వాత ఆకు. నాలుగుసార్లు కుబుసం విడిచి, పచ్చగా, వేలికన్నా లావుగా అవుతాయి. సుమారు నెల రోజులు ఇదే పని. ఆఖరికి కొమ్మకు పట్టుతోనే ఉంగరం చుట్టి, దానికి కాడ తీసి, కాడ చివర కాయ కడతాయి. గాలివానకు ఆకు రాలినా కాయ రాలదు.

మల్బరీ పురుగులా దీన్ని ఇంట్లో తట్టలో పెంచడం కుదరదు. చెట్టు మీదే పెరగాలి. అందుకే మామయ్య పంట ఉన్నన్నాళ్లూ అడవిలో గుడిసె వేసుకుని, గులేరు పట్టుకుని పిట్టలను తోలేవాడు. చీమలు, కందిరీగలు, పురుగు మీద గుడ్లు పెట్టి దాన్ని చంపే ఊజీ ఈగ, అన్నీ దీని మీదే పడతాయి. ఒక చెట్టు ఆకు అయిపోతే పురుగులున్న కొమ్మను కోసి పక్క చెట్టుకు పెట్టాలి. అంత కష్టపడి తీసిన కాయకు ధర చెప్పేటప్పుడు మాత్రం కొనేవాళ్లు పెదవి విరుస్తారు.

అసలు బాధ చెట్ల గురించి. దీనికి నల్లమద్ది, తెల్లమద్ది ఉండాలి. మామయ్య పురుగులు ఎక్కించిన చోట ఇప్పుడు చాలా వరకు జామాయిల్ ఉంది. ఆ ఆకు ఈ పురుగు ముట్టదు. పచ్చగా ఏదో ఒకటి ఉంటే అడవే అనుకుంటే ఎలా? మద్ది నరికి జామాయిల్ పెడితే చిమ్మటకు అది ఎడారే.

మీరు చేయాల్సింది చిన్న పని. రాత్రి వరండా లైట్ ఆపేయండి. రెక్కలు పట్టుకోకుండా, ఒక పుల్ల మీదికి ఎక్కించి దగ్గర్లో మద్దిచెట్టు ఉంటే దాని మీద వదలండి. గోడ మీద గోధుమ రంగు గుడ్లు ఉంటే చీపురుతో ఊడ్చేయకండి. పురుగులు బయటికి వచ్చాక లేత మద్ది కొమ్మ మీదికి చేర్చండి. మద్ది దొరక్కపోతే రేగు, నేరేడు ఆకు కూడా తింటాయి.