బ్లాక్ అండ్ వైట్ చేస్తే ఫొటో బూడిద పూసినట్టు ఎందుకు వస్తుంది?

ఫోనులో బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ నొక్కగానే మీ బీచ్ ఫొటోలన్నీ బూడిద పూసినట్టు వస్తున్నాయా? విశాఖలో రెండేళ్లు నేనూ ఇదే బాధ పడ్డాను. కాంట్రాస్టు (వెలుగుకూ చీకటికీ మధ్య తేడా) పెంచుకుంటూ పోతే నీడలు మసిబారేవి తప్ప ఫొటోకు కళ వచ్చేది కాదు.

అసలు కిటుకు మా అక్క పెళ్లి ఫొటోతో తెలిసింది. ఎర్ర పట్టుచీర, ఆకుపచ్చ అంచు. రంగు తీసేయగానే అంచు మాయం! "అంత ఖరీదైన అంచు ఏదిరా?" అని అక్క నిలదీసింది. చాలా సాఫ్ట్‌వేర్లు ఎరుపును 30, ఆకుపచ్చను 59, నీలాన్ని 11 శాతం చొప్పున కలిపి ఒకే విలువ కడతాయి. ఒక్కో రంగు వెలుగును 0 నుంచి 255 దాకా కొలుస్తారు. ఆ లెక్కన 255 ఉన్న ఎరుపుకూ, 130 ఉన్న ఆకుపచ్చకూ వచ్చేది దాదాపు 76. కంటికి ఉప్పూనిప్పూలా కనిపించే రెండు రంగులూ ఒకే బూడిదలో కలిసిపోయాయి.

అందుకే కాంట్రాస్టు జోలికి వెళ్లకముందే ఏ రంగు వెలగాలో, ఏది నల్లబడాలో మీరే తేల్చుకోవాలి. ఫొటోలు దిద్దే యాప్ స్నాప్‌సీడ్‌లోని బ్లాక్ అండ్ వైట్‌లో ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు ఉంటాయి. ఫిల్ము రోజుల్లో లెన్సు ముందు బిగించిన రంగుటద్దాల పనే ఇది: తన రంగును వెలిగిస్తుంది, దానికి విరుద్ధమైన రంగును నల్లబరుస్తుంది.

నమ్మకం కుదరకపోతే భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల ఫొటో ఒకటి తీసుకోండి. ఎరుపు ఫిల్టర్ వేస్తే మట్టి బియ్యప్పిండిలా తెల్లబడి, ఆకాశం చీకటవుతుంది. వాన నీరు కోసిన గాడులు కూడా లోతుగా తేలతాయి, ఎందుకంటే నీడలోకి చేరేది ఎక్కువగా ఆకాశపు నీలి వెలుగే. నీలం వేశారా, అదే మట్టి బొగ్గుకుప్ప అవుతుంది. నేను మాత్రం నారింజ దగ్గర ఆగుతాను. ఎరుపుది కాస్త నాటకం.

మన విశాఖలో ఒక చిక్కుంది. ఉక్కపోత రోజుల్లో సముద్రం మీది ఆకాశం నీలంగా కాదు, తెల్లగా ఉంటుంది. తెలుపులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ సమానమే కనుక ఏ ఫిల్టరూ దాన్ని నల్లబరచలేదు. వాన వెలిసిన మర్నాడు వెళ్లండి. నీలాన్ని మరీ నల్లబరిస్తే జేపెగ్ (ఫోను మామూలుగా కుదించి దాచే) ఫొటోలో ఆకాశం చారలు పడుతుంది, యారాడ కొండ అంచున తెల్లగీత తేలుతుంది. వీలైతే రా ఫైలులో, అంటే కెమెరా పట్టిన వివరాలన్నీ ఉంచే ఫైలులో తీయండి. ముఖాలకు ఎరుపు వద్దు, పెదవులు పాలిపోతాయి. ఫిషింగ్ హార్బరులో వలలు అల్లే పెద్దవాళ్ల ముడతలకు ఆకుపచ్చే సరి.

అక్క ఫొటోకు ముందు ఎరుపే వేశాను. అంచు తేలింది కానీ జరీ చీరలో కలిసిపోయింది. చివరికి ఆకుపచ్చ వేస్తే చీర నల్లగా, అంచు మధ్యరకంగా, జరీ తెల్లగా విడివిడిగా నిలిచాయి. ముఖం చామనఛాయకు తిరిగిందని అక్క ఇప్పటికీ సణుగుతూనే ఉంది.