ర్యాపర్ జీవితకథకు అనుమతి అక్కరలేదు, పాటల అనువాదానికి కావాలి

ప్రశ్న: మాది నెల్లూరు. ఉద్యోగరీత్యా చెన్నైలో ఉంటున్నాను. అమెరికన్ ర్యాపర్ కెండ్రిక్ లమార్ జీవితచరిత్రను తెలుగులో రాశాను. ప్రతి అధ్యాయం ముందు ఆయన పాట ఒకటి పూర్తిగా తెలుగు చేసి పెట్టాను. అట్టమీద ఇంటర్నెట్‌లో దొరికిన ఫోటో వేయాలనుకుంటున్నాను. ఆయన అనుమతి లేనిదే పుస్తకం వేయకూడదని మిత్రులు అంటున్నారు. ఎలాంటి దావా వచ్చినా రచయితే భరించాలని ప్రచురణకర్త ఒప్పందంలో రాశారు. సంతకం చేయవచ్చా?

జవాబు: మీ మిత్రుల మాటలో సగమే నిజం ఉంది. జీవితకథ రాయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. పాటల అనువాదానికి మాత్రం కావాలి.

మొదటి విషయంలో దారి చూపిన తీర్పుకు మూలమైన వివాదం తమిళనాడులోనే పుట్టింది. మరణశిక్ష పడిన ఆటో శంకర్ జైలులో రాసినట్టు చెప్పిన ఆత్మకథను నక్కీరన్ పత్రిక ప్రచురించబోతే అధికారులు అడ్డుపడ్డారు. రాజగోపాల్ వర్సెస్ తమిళనాడు ప్రభుత్వం అనే ఆ కేసులో సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి 1994 అక్టోబరులో ఇచ్చిన తీర్పు, పబ్లిక్ రికార్డుల్లో ఉన్నంత మేరకు ఒక వ్యక్తి జీవితాన్ని అతని సమ్మతి లేకుండానే ప్రచురించవచ్చని, ఆ పరిధి దాటి ఆంతరంగిక విషయాల్లోకి వెళ్తే గోప్యత హక్కుకు భంగం కలిగించినట్టవుతుందని చెప్పింది. లమార్ 1987లో కాలిఫోర్నియాలోని కాంప్టన్‌లో పుట్టడం, శాస్త్రీయ, జాజ్ సంగీతాలకు వెలుపలి కళాకారుల్లో తొలిసారిగా 2018లో పులిట్జర్ సంగీత బహుమతి అందుకోవడం, 2025 ఫిబ్రవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో విరామ ప్రదర్శన ఇవ్వడం వంటివి లోకమెరిగిన సంగతులు. జరిగిన సంగతులపై ఎవరికీ కాపీరైటు ఉండదని ఆర్.జి.ఆనంద్ కేసులో 1978లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే మీరు ఏదైనా ఇంగ్లిషు జీవితచరిత్రను ఆధారం చేసుకుని ఉంటే, అందులోని సంగతులు తీసుకోండి గాని, వాటిని ఆ రచయిత అమర్చిన తీరును, ఆయన వాక్యాలను తీసుకోకండి.

మరో ర్యాపర్ డ్రేక్‌తో 2024లో ఒకరినొకరు దుయ్యబట్టుకుంటూ సాగిన పాటల పోరును రాసేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. లమార్ పాటలోని ఆరోపణలు తన పరువు తీశాయంటూ డ్రేక్ 2025 జనవరిలో, లమార్‌పై కాకుండా ఆ పాటను విడుదల చేసిన యూనివర్సల్ మ్యూజిక్ సంస్థపై దావా వేశారు. అలాంటి పోరులో పాడిన మాటలను శ్రోతలు అభిప్రాయాలుగానే తీసుకుంటారు తప్ప వాస్తవ ప్రకటనలుగా కాదంటూ న్యూయార్క్ ఫెడరల్ కోర్టు అదే ఏడాది అక్టోబరులో దాన్ని కొట్టివేసింది. పాటకు దక్కిన ఆ వెసులుబాటు మీ వచనానికి దక్కుతుందని అనుకోవద్దు. ఆరోపణను నిజమన్నట్టు తిరిగి రాస్తే, భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద మీరే పరువు నష్టం కేసును ఎదుర్కోవలసి రావచ్చు. కనుక అది ఆరోపణ అని చెబుతూ, దావా సంగతిని, కోర్టు నిర్ణయాన్ని కలిపి రాయండి.

అసలు చిక్కు పాటలతోనే. తెలుగులో హిప్‌హాప్ గురించి ఇలాంటి పుస్తకం రావాలని నేనూ మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను కాబట్టి ఈ భాగాన్ని విడమరిచి చెబుతున్నాను. పాట సాహిత్యం కాపీరైటు చట్టం, 1957 ప్రకారం సాహిత్య రచనే. దాన్ని అనువదించే హక్కు కూడా 14వ సెక్షన్ కింద కాపీరైటు యజమానికే చెందుతుంది. 1999 నాటి అంతర్జాతీయ కాపీరైటు ఉత్తర్వు వల్ల అమెరికన్ పాటకూ మన దేశంలో ఈ రక్షణ ఉంది. విమర్శ, సమీక్షల కోసం చేసే సముచిత వినియోగాన్ని 52వ సెక్షన్ ఉల్లంఘన నుంచి మినహాయిస్తుంది. కేరళ హైకోర్టు 1996లో సివిక్ చంద్రన్ కేసులో చెప్పినట్టు, ఎంత భాగం తీసుకున్నారు, ఏ ఉద్దేశంతో తీసుకున్నారు, అది మూలంతో పోటీపడుతుందా అన్నవి ఇక్కడ ప్రధానంగా చూస్తారు. ఇన్ని పంక్తుల వరకు ఫరవాలేదన్న లెక్క చట్టంలో ఎక్కడా లేదు. అధ్యాయం ముందు అలంకారంగా పెట్టిన పూర్తి పాటను సమీక్ష అని వాదించి నెగ్గడం కష్టం. అదే పాటలోని రెండు మూడు పంక్తులను అధ్యాయం లోపలికి తెచ్చి, వాటిలోని ప్రాసను, నేపథ్యాన్ని చర్చిస్తే మీ వాదన బలపడుతుంది.

పూర్తి పాటలే కావాలనుకుంటే, సాహిత్య హక్కులున్న మ్యూజిక్ పబ్లిషర్లను లిఖితపూర్వకంగా అడగాలి. రికార్డింగ్‌పై హక్కున్న కంపెనీ ఇచ్చే అనుమతి ఇందుకు చాలదు. హిప్‌హాప్ పాటల్లో పాత పాటల ముక్కలు వాడటం మామూలు కాబట్టి, ఒకే పాటకు అనేకమంది రచయితలు, ఒక్కొక్కరికి వేరువేరు పబ్లిషర్లు ఉండవచ్చు. మీరు అనువదించిన పదాలపై వారిలో ఎవరెవరికి హక్కుందో తేల్చుకుని, వారందరి నుంచీ తెలుగు అనువాదానికి, అచ్చు పుస్తకానికి, ఈబుక్‌కు విడివిడిగా అనుమతి రాయించుకోవాలి.

ఇంటర్నెట్‌లో దొరికినంత మాత్రాన ఫోటో ఉచితం కాదు. ఫోటోగ్రాఫర్ నుంచో ఏజెన్సీ నుంచో లైసెన్సు కొనండి. పేరు, రూపం అనుమతి లేకుండా వాణిజ్యానికి వాడుకోవడంపై రజనీకాంత్ వేసిన దావాలో మద్రాసు హైకోర్టు 2015లో ఒక సినిమాను నిలువరించింది. జీవితచరిత్ర వేరు విషయమే అయినా, లమార్ ఆమోదంతో వచ్చిన పుస్తకమన్న భ్రమ అట్ట కలిగించకూడదు.

ఒప్పందంపై ఇప్పుడున్న రూపంలో సంతకం చేయకండి. మీరు రాసిన దానివల్ల కోర్టు తుది తీర్పులో తేల్చిన నష్టానికి, అదీ మీకు అందే రాయల్టీ మొత్తం మేరకే మీ బాధ్యత పరిమితమయ్యేలా ఆ షరతును మార్పించండి. అట్ట, ప్రచార సామగ్రి ప్రచురణకర్త బాధ్యతగా ఉండాలి. పాటల అనుమతి రుసుము ఎవరు చెల్లించాలో కూడా అందులోనే రాయించండి, ఎందుకంటే ఆ ఖర్చు తెలిస్తే ఎన్ని పాటలు ఉంచాలో మీరిద్దరూ ముద్రణకు ముందే నిర్ణయించుకోగలుగుతారు.